కిరాణా కొట్టు నూనె అర: ఏ ప్యాకెట్‌లో ఎంత మనది?

ఊళ్లో ఏ కొట్టుకెళ్లినా నూనె అర ఒకేలా ఉంటుంది. కళ్లెదుట పొద్దుతిరుగుడు నూనె, కింది వరసలో పామాయిల్, పక్కన రైస్ బ్రాన్. పై వరసలో పల్లీ నూనె, నువ్వుల నూనె. ఈమధ్య ఓ మూలన గాజు సీసాల్లో గానుగ నూనె కూడా కనిపిస్తోంది. వీటికి ఇక్కడ రెండేసి మార్కులు వేస్తున్నాం, ఐదుకి. మొదటిది వంటింటి మార్కు: మూకుట్లో ఎలా ఉంటుంది, ఎన్నాళ్లు నిలుస్తుంది, పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఉందా అని. రెండోది దేశపు మార్కు: గింజ ఎక్కడ పండింది, మన డబ్బులో రైతుకి చేరేదెంత, రేపు ఏ సముద్రంలోనో యుద్ధమొస్తే ఈ ప్యాకెట్ దొరుకుతుందా అని. ఈ రెండూ చాలాసార్లు ఒకదానికొకటి పొసగవు.

దేశం ఏడాదికి వాడే వంటనూనె దాదాపు రెండున్నర కోట్ల టన్నులు. అందులో కోటిన్నర టన్నులకు పైగా ఓడల్లోనే వస్తుంది, అంటే సగానికి మించి. బియ్యం ఎగుమతి చేసే దేశం, పాలలో ప్రపంచంలోనే ముందున్న దేశం, పోపు పెట్టుకోవడానికి మాత్రం ఇండోనేషియా, మలేషియా, అర్జెంటీనా, రష్యా, ఉక్రెయిన్ల వైపు చూస్తోంది.

రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె – వంటింటికి 3.5, దేశానికి 1

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ ఇళ్లలో వాడేది ఇదే. రంగు తేట, వాసన లేదు, కూర రుచికి అడ్డు రాదు. ప్యాకెట్ మీద కాకినాడో, కృష్ణపట్నమో, హైదరాబాద్ శివారో అడ్రసు ఉంటుంది. అది చూసి మన నూనే అనుకుంటారు. నిజానికి ఆ అడ్రసు శుద్ధి చేసిన చోటుది, గింజ పండిన చోటుది కాదు. ముడి నూనె ఓడలో వస్తుంది, రేవు నుంచి పైపుల్లో ట్యాంకులకు చేరుతుంది. అక్కడ జిగురు తీస్తారు, పులుపు తీస్తారు, బ్లీచింగ్ మట్టితో రంగు తీస్తారు. పొద్దుతిరుగుడు గింజ పొట్టులో మైనం ఉంటుంది కాబట్టి చల్లబరిచి దాన్నీ వడకడతారు. ఈ మెట్టు సరిగ్గా జరగకపోతే చలికాలంలో ప్యాకెట్ అడుగున తెల్లటి మసక తేలుతుంది. అది కల్తీ కాదు, మైనమే. చివరికి శూన్యపీడనంలో 230 డిగ్రీలు దాటించి వాసన తీసేస్తారు. ఇంతవరకే మన దేశంలో జరిగే పని.

ఈ పనైనా ఇక్కడ ఎందుకు మిగిలిందో చెప్పుకోవాలి. 2025 మే చివర కేంద్రం ముడి నూనెల మీద మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. సెస్సులు కలుపుకుంటే 16.5 శాతం. శుద్ధి చేసిన నూనె మీద మాత్రం 35.75 శాతం అలాగే ఉంచింది. ఈ 19.25 శాతం తేడాయే కాకినాడ, కృష్ణపట్నం రిఫైనరీలకు ఊపిరి. తేడా తగ్గినప్పుడల్లా శుద్ధి చేసిన నూనే నేరుగా దిగుతుంది, ఇక్కడి మిల్లులు సగం సామర్థ్యంతో నడుస్తాయి.

మరి గింజ ఎందుకు పోయింది? 1990ల్లో దేశంలో పొద్దుతిరుగుడు సాగు 20 లక్షల హెక్టార్లు దాటింది. కర్నూలు, నంద్యాల నల్లరేగళ్లలో పసుపుపచ్చ చేలు కనుచూపు మేర ఉండేవి. ఇప్పుడు దేశమంతా కలిపినా రెండు మూడు లక్షల హెక్టార్లకు మించదు, అందులోనూ ఎక్కువ భాగం కర్ణాటకలోనే. నెక్రోసిస్ అనే వైరస్ తెగులు కొట్టింది. చిలకల గుంపులు పువ్వు మీద వాలితే సగం గింజ నేలపాలే. కానీ అసలు దెబ్బ ధరది. 2025–26కి పొద్దుతిరుగుడు గింజకు మద్దతు ధర క్వింటాల్‌కు రూ. 7,721. గింజ నుంచి 38 శాతం నూనె వస్తుందనుకుంటే, కిలో నూనెకి 2.6 కిలోల పైచిలుకు గింజ కావాలి. అంటే సుమారు రూ. 203. నూనె తీశాక మిగిలే పిప్పి, అంటే చెక్క, కిలోన్నర పైన. కిలో రూ. 30కి అమ్మినా ఓ రూ. 49 తిరిగొస్తుంది. మిల్లు ఖర్చు ఏమీ కలపకుండానే రూ. 154 తేలింది. ఇటు ముడి నూనె రేవులో టన్ను 1,200 డాలర్లు, డాలరు రూ. 85 అనుకుందాం. కిలో రూ. 102, సుంకంతో రూ. 119. ఈ రూ. 35 తేడాని తన జేబులోంచి భరించి మద్దతు ధరకు గింజ కొనే మిల్లు యజమాని ఎక్కడుంటాడు? కొనడు. ధర రాని పంటను రైతు రెండోసారి వేయడు, మొక్కజొన్నకో శనగకో మారిపోతాడు.

ఇక 2022 సంగతి. ఫిబ్రవరి 24న రష్యా–ఉక్రెయిన్ యుద్ధం మొదలై నల్లసముద్రం ఒడ్డున ఒడెస్సా వైపు రేవులు మూతపడ్డాయి. అప్పటిదాకా మన పొద్దుతిరుగుడు నూనెలో అత్యధిక భాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. కొన్ని కొట్లలో ఒక్కో మనిషికి ఇన్నే ప్యాకెట్లన్న పరిమితి పెట్టారు. దిగుమతి అన్నాక ఇలాంటిది ఎప్పుడో ఒకప్పుడు తప్పదని సరిపెట్టుకోవచ్చు. కాకపోతే ఒకే సముద్రపు ఒడ్డు మీద అంతగా ఆనుకోవడం మాత్రం మన తప్పిదమే.

వంటింట్లో దీని లోపం ఒకటుంది, కంపెనీలు చెప్పవు. ఇందులో లినోలెయిక్ ఆమ్లం అనే ఒక రకం కొవ్వు పాళ్లు ఎక్కువ, అది వేడికి గాలి తగిలి త్వరగా పాడవుతుంది. నాలుగుసార్లు వేపిన మూకుడు అంచున పట్టే పసుపురంగు జిగురు ఉందే, గోకినా రానిది, అది ఈ నూనె గట్టిపడిన పొరే. కూరకి, పోపుకి బాగుంటుంది. గారెలు, సకినాలు, జంతికలు వాయి తర్వాత వాయి తీయడానికి ఇది తగదు.

ఈ అర ఇలా ఎప్పుడు మారింది

1986లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం నూనెగింజల టెక్నాలజీ మిషన్ పెట్టింది. అప్పటికి దేశంలో నూనెగింజల దిగుబడి 108 లక్షల టన్నులు. దిగుమతి మీద పట్టు బిగించారు, ధరలు పడిపోకుండా జాతీయ డెయిరీ అభివృద్ధి బోర్డు చేత కొనిపించారు, 1988లో ధార అనే వంటనూనె బ్రాండ్ వచ్చింది. 1990ల నడుమకి దిగుబడి రెండింతలైంది, దిగుమతి వాడకంలో మూడు నాలుగు శాతానికి దిగింది. మంత్రమేమీ లేదు: రైతుకి ధర నిలకడగా ఉంటుందన్న నమ్మకం, విత్తనం, కొనుగోలు. అంతే.

1994లో పామోలిన్‌ను, అంటే పామాయిల్‌లోని తేట భాగాన్ని, ఎవరైనా విడిగా అనుమతి లేకుండా దిగుమతి చేసుకునే ఓపెన్ జనరల్ లైసెన్స్ కిందికి తెచ్చారు, సుంకం 65 శాతం. మరుసటేడాది మిగతా నూనెలకూ తలుపు తీశారు, సుంకం 30కి దిగింది. 1998కల్లా 15. 2008లో ముడి నూనెలకు సుంకమే లేదు. దీన్నంతా ప్రపంచ వాణిజ్య సంస్థ మెడ మీద కత్తి పెట్టి చేయించిందని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆ ఒప్పందంలో పామ్, పొద్దుతిరుగుడు నూనెల మీద మనం 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు ఉంచుకున్నాం. సోయా నూనెకు మాత్రమే 45 శాతం గీత ఉంది. తలుపు తీసింది మనమే. పట్నంలో నూనె ధర పెరిగితే పాలకులకు వచ్చే భయం, పల్లెలో గింజ ధర పడితే రాదు. అందుకే సుంకం ఏడాదికో తీరుగా ఊగుతుంది. పంట మూడు నాలుగు నెలలది, ఆయిల్‌పామ్ తోట ముప్పై ఏళ్లది. సుంకం నోటిఫికేషన్ రాత్రికి రాత్రి వచ్చేది. నూనెగింజల రైతు గోడు మొత్తం ఈ లెక్కలోనే ఉంది.

పామోలిన్ – వంటింటికి 3, దేశానికి 2

పేదవాడి నూనె, హోటల్ నూనె, స్వీటు షాపు నూనె. రేషన్ దుకాణం దారిన ఇంటింటికీ చేరింది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం సంచిలో రూ. 185కి ఇచ్చిన తొమ్మిది సరుకుల్లో లీటరు పామాయిల్ ఒకటి. చౌకగా నూనె ఇవ్వడం మంచి పనే. ఆ ప్యాకెట్‌లో పల్లీ నూనె ఉంటే సబ్సిడీ కొంత అనంతపురం చేలకూ చేరేదన్న మాట మాత్రం అప్పుడెవరికీ తట్టినట్టు లేదు.

వేపుడుకి పామోలిన్ నిజంగా గట్టిది. సంతృప్త కొవ్వు 40 శాతం పైన ఉండటం వల్ల కాగినా త్వరగా విరగదు, జిగురు పట్టదు. మిర్చి బజ్జీల బండివాడు దీన్ని వాడేది చవకని మాత్రమే కాదు. అదే సంతృప్త కొవ్వు గుండెకి మంచిది కాదు కాబట్టి రోజూ కూరల్లో పోసుకునే నూనెగా దీన్ని ఎంచుకోవద్దు. ఆదిలాబాద్ చలికి ప్యాకెట్ గడ్డకడితే పాడైందని పారేయకండి. గోరువెచ్చని నీళ్లలో పావుగంట ఉంచితే తేటపడుతుంది. గడ్డకట్టిన నూనెను సగం వంపి వాడితే మాత్రం పైతేట ఒక రకం, అడుగు మడ్డి ఒక రకం అవుతుంది. మొత్తం కరిగించాకే వంపుకోవాలి.

దేశపు మార్కు 2 ఎందుకంటే, దేశంలో పండే కొద్దిపాటి పామాయిల్‌లో దాదాపు అంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణలదే. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఏలూరు దగ్గర పెదవేగిలో ఉంది. తెలంగాణ ఆయిల్‌ఫెడ్ (నూనెగింజల రైతుల సహకార సమాఖ్య) మిల్లులు అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో నడుస్తున్నాయి. ఎకరాకు 57 మొక్కలు. నాలుగో ఏడు నుంచి గెలలు. బాగా సాగిన తోట ఎకరాకు 8 నుంచి 10 టన్నుల గెలలిస్తే, అందులో 18–19 శాతం నూనె. అంటే టన్నున్నర పైమాటే. ఎకరా వేరుశనగ 8 క్వింటాళ్ల కాయ ఇస్తే వచ్చే నూనె రెండుంపావు క్వింటాళ్లు. ఈ అంకె చూసే 2021లో కేంద్రం రూ. 11,040 కోట్లతో ఆయిల్‌పామ్ మిషన్ పెట్టి, సాగును 10 లక్షల హెక్టార్లకు చేర్చాలంది. నాటడం ఆ లెక్కకి చాలా వెనకబడింది.

వెనకబడటానికి కారణాలు తోటలోనే ఉన్నాయి. చెట్టుకి రోజుకి 200 లీటర్ల నీళ్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. అంటే ఎకరాకి పదకొండు వేల లీటర్లకు పైగా. గోదావరి కాలవ కింద పరవాలేదు, బోరు మీద ఆధారపడే చోట జూదమే. కోసిన గెల 24 గంటల్లో మిల్లుకి చేరకపోతే కొవ్వు విరిగి పులుపెక్కుతుంది. మిల్లు యాభై కిలోమీటర్ల అవతల ఉన్న రైతు కూలీకి, ట్రాక్టరుకి పోను చూసుకుంటే మిగిలేది తక్కువ. పైగా గెల ధర మలేషియా మార్కెట్‌తో పాటే లేస్తుంది, పడుతుంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసినప్పుడు గెలకి మంచి ధర పలికింది. మే 23న తెరిచాక, నెలలు గడిచేకొద్దీ జారింది. మన నేల మీద పండినా ధర మన చేతిలో లేదు.

గానుగ పల్లీ నూనె – వంటింటికి 4, దేశానికి 5. మోసానికి ఆస్కారం కూడా 5

ఈ అరలో దేశపు మార్కు పూర్తిగా తెచ్చుకున్నది ఇదే. గింజ మనది, పిండేది మన ఊళ్లో, చెక్క మన గేదెకి. కదిరి పరిశోధన స్థానం ఇచ్చిన కదిరి–6 రకం రాయలసీమ చేలను ఏలింది. తర్వాత వచ్చిన కదిరి లేపాక్షి కరువుకి ఇంకాస్త ఓర్చుకుంటుంది. వింత ఏంటంటే, మన పల్లీలు పెద్దయెత్తున కొనే దేశాల్లో ఇండోనేషియా ఒకటి. పల్లీ ఓడెక్కి అటు పోతుంది, పామాయిల్ ఓడెక్కి ఇటు వస్తుంది.

కొనేముందు ఈ లెక్క వేసుకోండి. వంద కిలోల కాయ ఒలిస్తే 70 కిలోల పప్పు. చెక్క గానుగలో పప్పు నుంచి దిగేది 40 శాతం, బాగా ఆడితే 42. లీటరు నూనె అంటే 910 గ్రాములు, దానికి పప్పు 2.3 కిలోలు. 2025–26 మద్దతు ధర క్వింటాల్ కాయకి రూ. 7,263 చొప్పున పప్పు కిలో రూ. 104 పడుతుంది. 2.3 కిలోలకు రూ. 239. చెక్క 1.3 కిలోలు, కిలో రూ. 40కి అమ్మితే రూ. 52 వెనక్కి. మిగిలింది రూ. 187. కరెంటు, కూలీ, వడపోత, సీసా, అద్దె కలిపితే రూ. 220 లోపు ఎవరికీ గిట్టదు. అంతకన్నా చాలా తక్కువకి ‘స్వచ్ఛమైన గానుగ నూనె’ అంటే, ఆ గానుగలో పల్లీతో పాటు ఇంకేదో తిరుగుతోందని అర్థం. మీ ఊళ్లో పప్పు ధర వేరైతే అంకె మార్చుకుని ఇదే సూత్రం వాడండి: పప్పు ధర × 2.3, అందులోంచి చెక్క డబ్బు తీసేసి, ఖర్చులు కలపడం.

ఫ్రిజ్‌లో పెట్టి కల్తీ కనిపెట్టొచ్చని వాట్సాప్‌లో తిరిగే చిట్కా సగమే పనికొస్తుంది. పామోలిన్ బాగా కలిస్తే త్వరగా గడ్డకట్టే మాట నిజమే. కానీ అసలు పల్లీ నూనె కూడా ఫ్రిజ్ చలికి మసకబారుతుంది. దాన్ని చూసి నిజాయితీగల గానుగవాడితో గొడవపడ్డవాళ్లున్నారు. తేల్చేది ల్యాబ్‌లో బెల్లియర్ పరీక్షే, అంటే నూనెతో చేసిన ద్రావణం చల్లారుతూ ఏ వేడి దగ్గర మసకబారుతుందో చూడటం. పల్లీ నూనెకి ఆ అంకె 39–41 డిగ్రీల మధ్య ఉండాలి.

కల్తీ కన్నా పెద్ద ముప్పు బూజు. తడిసిన కాయ, ముడతపడ్డ పప్పు, నల్లటి మచ్చ ఉన్న పప్పులో బూజు వదిలే అఫ్లాటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. రిఫైనరీలో క్షారం, బ్లీచింగ్ మట్టి దాన్ని చాలామటుకు తీసేస్తాయి. గానుగలో ఆ మెట్లు లేవు కాబట్టి పప్పులో ఉన్నదాంట్లో కొంత నూనెలోకి దిగుతుంది. అందుకే గానుగ షాపులో ముందు చూడాల్సింది గానుగని కాదు, పక్కనున్న పప్పు బస్తాని. గుప్పెడు తీసి తెల్ల కాగితం మీద పరవండి. నూటికి రెండు మూడుకి మించి నల్లవీ ముడతవీ కనిపిస్తే వెనక్కి రావడమే మేలు. మీరే పప్పు తీసుకెళ్లి ఆడించుకోవడం అన్నిటికన్నా నయం. పది కిలోల పప్పుకి నాలుగు కిలోలు, అంటే 4.4 లీటర్లు రావాలి. మూడున్నర లీటర్లే చేతికిస్తే, పప్పు పచ్చిగా ఉందో, చెక్కలో నూనె మిగిలిందో, మరేదైనా జరిగిందో అడగండి. చెక్కని చేత్తో నలిపితే వేళ్లు జిడ్డుగా తడవకూడదు.

తెచ్చిన నూనెని స్టీలు డబ్బాలో నాలుగైదు రోజులు కదపకుండా ఉంచి, పైతేటను పల్చటి గుడ్డలో వడకట్టుకోవాలి. అడుగు మడ్డితో పాటే వాడితే మూకుట్లో నురగ పొంగి పొయ్యి మీదికి వస్తుంది. నూనె కాగాక చిన్న చింతపండు రెబ్బ వేసి తీసేస్తే నురగ తగ్గుతుందని పాతకాలం నుంచీ చేస్తున్నారు, కొంత పనిచేస్తుంది. మూడు నాలుగు నెలల్లో వాడేయండి. పొగ వచ్చే వేడి రిఫైన్డ్ నూనె కన్నా బాగా తక్కువ, కాబట్టి పెద్ద మంట మీద వేపుళ్లకి ఇది వద్దు. వంటింటి మార్కు ఒకటి తగ్గింది దీనివల్లే. పులిహోరకి, పప్పు పోపుకి, వంకాయ కూరకి, పొడుల్లో కలుపుకుని తినడానికి దీనికి సాటి లేదు.

రిఫైన్డ్ పల్లీ నూనె వేరే సంగతి. గింజ మనదే, వేపుడుకి బాగుంటుంది, ధర చూస్తే మాత్రం రుచి తీసేసిన పల్లీ నూనెకి అంత పెట్టడం ఎందుకనిపిస్తుంది.

రైస్ బ్రాన్ – వంటింటికి 4, దేశానికి 4.5

ఎక్కువ మార్కులు, తక్కువ గౌరవం. తవుడు నూనె అనగానే గేదెల దాణా గుర్తొచ్చి జనం మొహం తిప్పుకుంటారు. కానీ తెలుగు రాష్ట్రాలకు ఇంతకన్నా సహజమైన నూనె లేదు. క్వింటాల్ వడ్లు ఆడిస్తే 67 కిలోల దాకా బియ్యం, ఏడు కిలోల దరిదాపు తవుడు. పచ్చి బియ్యం తవుడులో నూనె 15 నుంచి 18 శాతం. నలుగురున్న ఇంట్లో నెలకి 40 కిలోల బియ్యం ఖర్చయితే, దాని వెనక 60 కిలోల వడ్లు, నాలుగు కిలోల పైచిలుకు తవుడు, ముప్పావు లీటరుకి దగ్గరగా నూనె ఉన్నాయి. అదనంగా ఎకరం సాగక్కర్లేదు, చుక్క నీరు పెట్టక్కర్లేదు. మనం తిన్న అన్నమే తన నూనెని వెంట తెచ్చుకుంటుంది.

చిక్కంతా గడియారంతో. వడ్ల పొట్టు కింద నిద్రపోతున్న లైపేజ్ అనే ఎంజైమ్, మిల్లు రోలరు తగలగానే లేచి నూనెని విరగ్గొట్టడం మొదలుపెడుతుంది. కొద్ది గంటల్లో తవుడుని ఆవిరితో వేడి చేయాలి, లేదా ద్రావకంతో నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకి చేర్చాలి. రెండు మూడు రోజులు బస్తాల్లో మూలిగిన తవుడు నూనెకి పనికిరాదు, దాణాకో సబ్బుకో పోతుంది. ఉప్పుడు బియ్యం తవుడుకి ఈ బాధ తక్కువ, ఉడికినప్పుడే ఎంజైమ్ చచ్చిపోతుంది, నూనె కూడా 20 శాతం పైన. తెలంగాణలో 2021–22లో బాయిల్డ్ రైస్ కొనుగోలు మీద కేంద్రానికీ రాష్ట్రానికీ జరిగిన గొడవలో ఈ ముక్క పెద్దగా వినిపించలేదు. బాయిల్డ్ తగ్గితే తవుడు నూనె కూడా తగ్గుతుంది మరి. 2023 జులైలో నూనె తీసిన తవుడు ఎగుమతిని నిషేధించినప్పుడూ ఇలాగే జరిగింది. పాల రైతుకి దాణా చౌకవ్వాలని చేసిన పని, నూనె తీసే మిల్లు లెక్కని దెబ్బతీసింది.

కొనేటప్పుడు ‘ఫిజికల్లీ రిఫైన్డ్’ అన్న మాట ఉందేమో చూడండి. క్షారంతో కడిగితే తవుడు నూనెలో సహజంగా ఉండే ఒరైజనాల్ అనే మేలైన పదార్థం చాలావరకు సబ్బు మడ్డిలో కొట్టుకుపోతుంది, ఆవిరితో పులుపు తీస్తే మిగులుతుంది. రంగు కాస్త ముదురుగా ఉండటం లోపం కాదు. వేపుడుకి బాగా తట్టుకుంటుంది, మూకుడుకి జిగురు పట్టదు. అర మార్కు తగ్గించింది హెక్సేన్ అనే ద్రావకంతో తీస్తారన్నందుకు కాదు, శుద్ధిలో అది పోతుంది. కల్తీ లేకుండా, తాజా తవుడుతో తీసే మిల్లులు ఇంకా చాలినన్ని లేకపోవడం వల్ల.

మిగతావి, గబగబా

నువ్వుల నూనె: వంటింటికి 4.5, దేశానికి 4.5. గోదావరి జిల్లాల్లో పొట్టు తీసిన నువ్వులతో ఆడిన పప్పునూనె లేనిదే ఆవకాయ పెట్టరు. అది చాదస్తం కాదు. నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాలు నూనె కనరకుండా కాపాడతాయి, అందుకే జాడీ ఏడాది నిలుస్తుంది. ఖరీదు ఎక్కువ, నెలకి పావు లీటరుతో సరిపెట్టుకోవచ్చు.

సోయా: ఎక్కువ భాగం అర్జెంటీనా, బ్రెజిల్ సరుకు. దేశంలో మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో పండుతుంది కానీ గింజలో నూనె 18 శాతమే. అక్కడ అసలు సరుకు కోళ్ల దాణాకి పోయే పిండి. వంటింటికి 2.5, దేశానికి 1.5.

పత్తిగింజల నూనె: పత్తి మనదే కాబట్టి నూనే మనదే. కానీ ఇంటి అరలో విడిగా దొరకడం తక్కువ, హోటళ్లకీ మిశ్రమాలకీ వెళ్తుంది. మార్కు వేయడం లేదు.

బ్లెండెడ్ నూనెలు: ముందు వైపు పెద్దక్షరాల్లో ఖరీదైన గింజ బొమ్మ, వెనక చిన్నక్షరాల్లో అసలు పాళ్లు. ఏ నూనె ఎంత శాతమో రాయడం తప్పనిసరి, ఏదీ 20 శాతానికి తగ్గకూడదు, అగ్‌మార్క్ ఉండాలి. 80 శాతం ఏ నూనె ఉందో దాని మార్కే ఈ ప్యాకెట్‌కీ వేయండి.

ప్యాకెట్ చదవడం

లీటరు పోలిక ఇప్పుడు పనికిరాదు. ఒకే సైజు కవరులో 910 గ్రాములు, 850, 800, కొన్నింట్లో 750 కూడా వస్తున్నాయి. నిర్ణీత తూకాల్లోనే అమ్మాలన్న పాత నిబంధన పోయింది కాబట్టి ఇది చట్టవిరుద్ధం కాదు. ధరని గ్రాములతో భాగించి కిలో ధర చూసుకోండి. రూ. 145కి 910 గ్రాములంటే కిలో రూ. 159. రూ. 132కి 800 గ్రాములంటే కిలో రూ. 165. చౌకగా కనిపించిందే ఖరీదు. ఇంకో ఎత్తు, ఎక్కువ ఉష్ణోగ్రత దగ్గర లీటరు లెక్క చూపడం. వేడికి నూనె ఉబ్బుతుంది. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరు 919 గ్రాములైతే 60 డిగ్రీల దగ్గర 892.6 మాత్రమే. ఉష్ణోగ్రత రాయకుండా, లీటర్ల లెక్కతో పాటు బరువూ రాయాలని 2022 ఆగస్టులో కేంద్రం కంపెనీలకు చెప్పింది. పాత అలవాటు ఎక్కడైనా కనిపిస్తే గ్రాములే చూడండి. పెళ్లిళ్లకి డబ్బాలు తెప్పించేవాళ్లు మరీ జాగ్రత్త పడాలి. 15 కిలోల డబ్బాలో పదహారున్నర లీటర్లు ఉంటుంది, 15 లీటర్ల డబ్బాలో 13.65 కిలోలే.

‘డబుల్ రిఫైన్డ్’, ‘కొలెస్ట్రాల్‌ని ఎదిరిస్తుంది’ లాంటి మాటలు నూనె ప్యాకెట్ మీద వాడకూడదని ఆహార భద్రత నిబంధనలే చెబుతున్నాయి. కొలెస్ట్రాల్ అసలు ఏ గింజ నూనెలోనూ ఉండదనే చెప్పుకోవాలి, లేనిదాన్ని లేదని గొప్ప చెప్పుకోవడం ఎందుకు?

నెల సరుకు చీటీ

మనిషికి ఏడాదికి 12 కిలోలు చాలని పోషకాహార నిపుణుల లెక్క. వాడుతున్నది 19 కిలోల పైన. నలుగురున్న ఇంటికి నెలకి నాలుగు కిలోలు గరిష్ఠం అనుకుంటే, రైస్ బ్రాన్ రెండు లీటర్లు, గానుగ పల్లీ లీటరుంపావు, నువ్వులు పావు లీటరు, మిగిలిన అర లీటరు ఏది చౌకైతే అది. ఖర్చు మొత్తం పొద్దుతిరుగుడు మీదే నడిచే ఇంటి కన్నా కొంత పెరుగుతుంది. వాడకం ఆరు లీటర్ల నుంచి నాలుగుకి దిగితే ఆ పెంపు దాదాపు పూడిపోతుంది. దిగకపోతే పూడదు, ఆ మాట ముందే చెప్పాలి. రోజుకూలి మీద నడిచే ఇంటికి ఈ చీటీ చూపించి స్వదేశీ పాఠం చెప్పడం కుదరదు. అక్కడ పామోలినే న్యాయం, మారాల్సింది రేషన్ సంచిలోని ప్యాకెట్.

సుంకం మార్పు వార్త టీవీలో కనిపించిన వారం మాత్రం కొనుగోలులో తొందరపడొద్దు. 2024 సెప్టెంబరు 13న మూల సుంకం సున్నా నుంచి 20కి పెరిగినప్పుడు పాత సుంకంతో దిగిన నిల్వ దాదాపు 30 లక్షల టన్నులు దేశంలోనే ఉంది, 45–50 రోజులకు సరిపడా. అది అయిపోయేదాకా ధర పెంచొద్దని కేంద్రం కంపెనీలను కోరింది. అయినా కొట్లలో రేటు వారం తిరక్కుండానే ఎక్కింది. సుంకం తగ్గినప్పుడు ఆ తగ్గింపు కింది వరస ప్యాకెట్‌కి చేరడానికి నెల పైనే పడుతుంది. ప్యాకెట్ వెనక ప్యాకింగ్ తేదీ ఉంటుంది. సుంకం మారిన తేదీకి ముందుదైతే, పెరిగిన ధర ఎందుకివ్వాలో కొట్టతన్ని అడగండి. ఎమ్మార్పీ మీద కొత్త స్టిక్కర్ అంటించి ఉంటే దాని అంచు గోటితో లేపి చూడండి.